ఇటుక రంగు మాత్ర

"మూత్రం నల్లబడింది ఏ రోజు పెద్దమ్మా? తొందరేం లేదు. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ ప్రభాకరరావు ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ వీరరాఘవమ్మ జవాబు చెప్పలేక ఏడ్చింది. ఈసారి ఏడుపు రాలేదు. పెద్దకొడుకు ప్రాణం విడిచిన మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్న ఆ డెబ్భై ఏళ్ళ మనిషి, వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూసుకుంది.

"బుధవారం బాబూ. తెల్లారగట్ట. లేవలేకపోతన్నా అమ్మా అంటే నేనే సత్తుగిన్నె పట్టా. దీపం కాడ పెట్టి చూద్దును గదా..." ఆమె ఆగింది. "నేరేడుపళ్ళు పిసికినట్టుంది. రగతమేమో అనుకోవటానిక్కూడా లేదు. రగతం ఎర్రగా గదా ఉంటది?"

"అప్పటికి మాత్రలు మొదలుపెట్టి ఎన్నాళ్ళు?"

"ఆదివారం చలీ జొరం. సోమవారం పొద్దున్నే నర్సమ్మొచ్చి మాత్రలేసింది."

ప్రభాకరరావు జేబు పుస్తకంలో రాసుకున్నాడు. ఆదివారం జ్వరం. సోమవారం ఉదయం ఆరు గంటలకు మొదటి మాత్రలు. బుధవారం తెల్లవారకముందే నల్లమూత్రం. గురువారానికి కళ్ళు పచ్చబడ్డాయి. శనివారం మధ్యాహ్నం నుంచి ఒక్క చుక్క మూత్రం లేదు. ఆ పై సోమవారం, ఉదయం తొమ్మిదింటికి మరణం.

గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హనుమంతరావు చేతిలో బెత్తాన్ని బూటుకేసి కొట్టుకున్నాడు.

"మూత్రాల మీద పరిశోధన ఇంకా ఎంతసేపండీ ప్రభాకరరావు గారూ? అన్నదమ్ములు తన్నుకున్నారు. మూడు రోజులకి అన్న మంచమెక్కాడు. మంచం మీదున్న అన్నకి రోజూ పాలు తెచ్చిచ్చింది తమ్ముడు. పదకొండో రోజున అన్న కాటికి పోయాడు. దీన్లో మీకు అర్థం కాందేంది?"

"పాలల్లో ఏం కలిపాడో అర్థం కావటంలేదు."

"అది వాడే చెప్తాడు. చెప్పించే విద్య నాకు తెలుసు."

ఈ కేసులో ప్రభాకరరావుని గుంటూరునుంచి పంపింది సరిగ్గా ఆ విషమేదో తేలకపోవడంవల్లే. చనిపోయిన గోపాలకృష్ణయ్య నలభైరెండేళ్ళ మనిషి. పిడుగురాళ్ళలో సగం సున్నపుబట్టీలు అతనివే. అతను పోయిన మూడో రోజున హనుమంతరావు వచ్చి, చనిపోయినవాడి తమ్ముడు కేశవరావుని పట్టుకుపోయి గురజాల లాకప్పులో వేశాడు. మేజిస్ట్రేటు వారం రోజులు పోలీసు కస్టడీకి ఇచ్చాడు. ఈలోగా శవపరీక్ష తాలూకు తంతి వచ్చింది. పేగుల్లో పాషాణం లేదు. గన్నేరు లేదు. ఉమ్మెత్త లేదు. తెలిసిన విషం ఏదీ లేదు. అయినా మనిషి మాత్రం విషం తిన్నవాడిలాగే చచ్చాడు.

శవపరీక్ష చేసిన డాక్టర్ ఆరోగ్యస్వామి తనంతట తనే జీపెక్కి వచ్చాడు. యాభై దాటిన బక్కమనిషి. కిటికీ దగ్గర నిలబడి ఇంతసేపూ వింటున్నాడు. శనివారం నుంచి మూత్రం ఆగిందన్న మాట వినగానే మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ప్రభాకరరావు లేచి గది చూడటం మొదలుపెట్టాడు.

పెద్ద గదేం కాదు. నాపరాళ్ళ నేల, ఒక మంచం, గోడకి కొయ్యబీరువా, కిటికీలో మరచెంబు. గుమ్మం పక్క గోడమీద మలేరియా వాళ్ళు ఎర్ర గేరుతో రాసిపోయిన తేదీలు వరసగా ఉన్నాయి. పదిహేను రోజులకొకటి. చివరిది ఆగస్టు పద్దెనిమిది. గోపాలకృష్ణయ్యకి జ్వరం వచ్చింది ఇరవయ్యారున.

"ఈ తేదీలు రాసే మలేరియా మహబూబ్ ఆ తర్వాత ఈ ఇంటికి రాలేదు గదా?" అని అడిగాడు.

"రాలా. ఆయనొస్తే తెల్లమాత్రలే గదా ఇచ్చేది. అవి మా కేశవుడూ మింగాడు, నేనూ మింగా. ఏం కాలా."

తెల్లమాత్రలు. ఆ మాట దగ్గర ప్రభాకరరావు ఆగిపోయాడు. "మరి నర్సమ్మ ఇచ్చినవి తెల్లవి కావా?"

"కాదయ్యా. ఇటికరాయి రంగువి. పూటకి మూడు. పొద్దున ఆరింటికి, సాయంత్రం అయిదింటికి. గడియారం తప్పినా ఆమె తప్పలా."

ప్రభాకరరావు మంచం పక్కకి లాగి మోకాళ్ళమీద కూర్చున్నాడు. నాపరాళ్ళ సందుల్లో సున్నం రాలిపోయి వేలు దూరేంత గాడులున్నాయి. కొబ్బరి ఈన తీసుకుని తలవైపు మొదలుపెట్టి ఒక్కో సందూ గీకుతూ పోయాడు. మట్టి, తలవెంట్రుకలు, ఒక చిన్న బొత్తాం. కాళ్ళవైపు మూడో సందులో ఈనకి గట్టిగా ఏదో తగిలింది. పైకి లాగాడు. కందిగింజకంటే కాస్త పెద్దది. ఒకవైపు తడిసి పొర ఊడింది. రెండోవైపు ఇటుక రంగు చెక్కుచెదరలేదు. రోగి నోట్లోంచి జారిందో, కక్కుకున్నాడో.

అరచేతిలో పెట్టి డాక్టరుకి చూపించాడు. ఆరోగ్యస్వామి వాసన చూశాడు. గోటితో గీరాడు. నాలుక చివర అంటించుకుని ఉమ్మేశాడు.

"నేను అనుకున్నదే. ప్రైమాక్విన్."

"విషమా?" హనుమంతరావు రెండడుగులు లోపలికి వేశాడు.

"కాదు. మందు. ఒంట్లో దాక్కున్న మలేరియాని ఊడ్చేసే మందు. మీరు మింగినా, నేను మింగినా మహా అయితే కడుపులో నొప్పి వస్తుంది."

"మరింకేం!" హనుమంతరావు నవ్వాడు. "మందిస్తే మనిషి బాగుపడలేదు. అది నర్సమ్మ తప్పా?"

ప్రభాకరరావు మాత్రని డాక్టరు చేతిలోంచి తీసుకున్నాడు. ముసలామె వైపు తిరిగాడు. ఆమె మాత్ర వైపు చూస్తున్న చూపులో ఏదో ఉంది. పరిచయమున్నదాన్ని చూసినట్టు.

"పెద్దమ్మా, ఈ రంగు మాత్రలు ఇంతకుముందెప్పుడైనా ఈ ఇంట్లో ఎవరైనా మింగారా?"

"మింగాడయ్యా, మా పెద్దోడే. మూడేళ్ళ కిందట జొరమొస్తే మిషను ఆస్పత్రిలో ఏశాం. అక్కడ రెండు రోజులు మింగాడు. అప్పుడు గూడా ఇట్టాగే నల్లగా పోశాడు. దొరసాని డాక్టరమ్మ చూసి మాత్రలన్నీ లాగేసుకుంది. వారానికి లేచి తిరిగాడు. ఆమె పోతా పోతా ఒక చీటీ రాసిచ్చింది. ఎక్కడ వైద్యం చేయించినా ముందు ఈ కాయితం చూపియ్యమంది."

ప్రభాకరరావు ఆమె దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"ఆ చీటీ ఏది?"

వీరరాఘవమ్మ కొయ్యబీరువా తెరిచి, పట్టుచీర మడతలోంచి నాలుగు మడతల కాగితం తీసింది. ప్రభాకరరావు విప్పాడు. ఇంగ్లీషులో అయిదే లైన్లు. ఈ మనిషికి ప్రైమాక్విన్ ఇస్తే ఎర్రరక్తకణాలు పగిలిపోతున్నాయి. ఇకమీదట ఎవరూ ఏ పరిస్థితిలోనూ ఆ మందు ఇవ్వరాదు. ఇస్తే ప్రాణాపాయం. ఆ వాక్యం కింద రెండు గీతలు. కింద సంతకం, తేదీ.

"ఇది నర్సమ్మకి చూపించారా?"

"చూపియ్యకుండా ఉంటానా బాబూ? సోమవారం పొద్దున రాంగానే, ఇది చూసుకోమ్మా అని చేతికిచ్చా. మా ఇంట్లో ఇంగిలీసు వచ్చినోళ్ళెవరున్నారు? ఆమె మొత్తం చదివింది. మంచిపని చేశావమ్మా, ఇందులో రాసిన మందే తెచ్చా, అంది. మడిచి నా చేతికే ఇచ్చింది. జాగర్తగా దాచుకోమంది."

ప్రభాకరరావు కాగితాన్ని మెల్లగా మడిచాడు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో గొడ్డళ్ళు చూశాడు, ఎండ్రిన్ పురుగుమందు సీసాలు చూశాడు, బావుల్లోంచి తీసిన పసిపిల్లల్ని చూశాడు. ఇలాంటిది చూడలేదు.

"ఏందయ్యా అందులో రాసుంది?" అంది వీరరాఘవమ్మ. "మందు పేరే గదా?"

"మందు పేరేనమ్మా" అన్నాడు ప్రభాకరరావు. అది అబద్ధం కూడా కాదు. చీటీని పుస్తకంలో పెట్టుకున్నాడు.

హనుమంతరావుకీ ఇంగ్లీషు వచ్చు. భుజం మీదుగా చదివాడు. అతని మెడ దగ్గర ఎరుపెక్కింది. కానీ ఓడిపోవడం అలవాటులేని మనిషి.

"ఎక్కడన్నా ఉందా ఇది డాక్టరు గారూ? ఊరందరికీ మందు, ఒక్కడికి విషమూనా? కోర్టులో చెప్తే నవ్వి పోతారు."

"ఊరందరి నెత్తురూ ఒకటి కాదు ఇన్‌స్పెక్టరు గారూ." ఆరోగ్యస్వామి గొంతు పెంచలేదు. "మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ ఉందే, అది లేకపోతే అయిదు నిమిషాలు బతకం. కానీ అదే ఇనుముని తుప్పు పట్టిస్తుంది, నిలవ నూనెని ముక్కిపోయేలా చేస్తుంది. మన ఒంట్లోనూ ఆ పనే చేస్తుంది. అది పనిచేసేటప్పుడు జోడు తప్పిన రేణువులు పుడతాయి. ఫ్రీ రాడికల్స్ అంటున్నారు. వాటికి ఒక ఎలక్ట్రాను తక్కువ. పక్కదాని దగ్గర లాక్కుంటాయి. పోగొట్టుకున్నది ఇంకోదాని మీద పడుతుంది. అట్లా గొలుసుకట్టుగా పాడుచేసుకుంటూ పోతాయి."

"అందరి ఒంట్లోనూనా?"

"అందరి ఒంట్లోనూ, ప్రతి క్షణం. మనిషి ముసలివాడు కావడమే దీనివల్లనేమోనని ఒక అమెరికా డాక్టరు ఆరేళ్ళ కిందట రాశాడు. గుండెజబ్బుకీ కాన్సరుకీ కూడా ఇందులో వేరు ఉండొచ్చన్నాడు. నాతోటివాళ్ళు చాలామంది నవ్వారు. అది నిజమో కాదో తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. కానీ ఎర్రకణం సంగతి తేలిపోయింది. ప్రతి కణంలోనూ ఈ తుప్పుని ఎప్పటికప్పుడు తుడిచేసే కాపలా ఒకటి ఉంటుంది. ఎంజైము. కొందరికి పుట్టుకతోనే ఆ కాపలా పలచన. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. రాళ్ళు కొడతారు, పెళ్ళి చేసుకుంటారు, పిల్లల్ని కంటారు. ఈ మాత్ర మింగితే మాత్రం ఒంట్లో ఆ రేణువులు ఒక్కసారిగా పెరుగుతాయి. కాపలా చాలదు. కణాలు కోట్లకొద్దీ పగులుతాయి. ఆ పగిలిన రంగంతా మూత్రంలోకి దిగుతుంది. మూత్రపిండాలు పూడుకుపోతాయి."

"మీరు కళ్ళారా చూశారా, ఊహా?"

"చూశాను. శవం నెత్తురు వయొలెట్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మిగిలిన కణాల అంచుల్లో నల్ల చుక్కలు. ఉడికి గడ్డకట్టిన ముద్దలు. కిడ్నీ కోస్తే కాఫీ డికాక్షన్ కారింది."

వీరరాఘవమ్మకి సగం మాటలు అర్థం కాలేదు. కానీ పుట్టుకతో అన్న మాట పట్టుకుంది.

"మా ఆఖరి తమ్ముడు గూడా ఇట్టాగే పోయాడంట బాబూ" అంది నేలకేసి చూస్తూ. "మా పుట్టిల్లు ఈపూరు. మిలట్రీలో చేరి బర్మా యుద్ధానికి పోయాడు. జొరానికేదో మాత్రలేస్తే నల్లగా పోసుకుని నాలుగు రోజుల్లో పోయాడని తోటి సిపాయి వచ్చి చెప్పాడు. మా నాయనకేం లేదు. మా అమ్మకేం లేదు."

ఆరోగ్యస్వామి చటుక్కున తలెత్తాడు. "నీకెంతమంది పిల్లలమ్మా?"

"ఇద్దరే. ఇద్దరూ మగోళ్ళే."

"ఇన్‌స్పెక్టర్!" డాక్టరు ప్రభాకరరావు చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "ఇది తల్లి దగ్గర్నించి కొడుకులకి వస్తుంది. తల్లికి ఏమీ కాదు, మోసుకొస్తుందంతే. ఈమె తమ్ముడు పోయాడు, పెద్దకొడుకు పోయాడు. రెండోవాడికి ఉండే అవకాశం సగానికి సగం. వాడికి జ్వరం వస్తే ఈ మాత్ర దరిదాపులకి రానివ్వకూడదు. ముందు ఆ సంగతి చూడండి."

ప్రభాకరరావు హనుమంతరావు వైపు చూశాడు.

హనుమంతరావు బెత్తం ఆగిపోయింది.

"కేశవరావు ఎట్లా ఉన్నాడు?"

"ఉన్నాడు."

"జ్వరముందా?"

"లాకప్పు అంటే అత్తారిల్లా? గురువారం సాయంత్రం ఒళ్ళు కాలింది." గొంతులో బింకం ఉంది కానీ మాట తడబడింది. "వైద్యం చేయిస్తూనే ఉన్నాంగా."

"ఏ డాక్టరు చూశాడు?"

హనుమంతరావు బెత్తాన్ని చంకలో పెట్టుకున్నాడు.

"హనుమంతరావు గారూ, ఏ డాక్టరు చూశాడు?"

"డాక్టరెందుకు మామూలు జ్వరానికి?"

ప్రభాకరరావుకి అర్థమైంది. డాక్టరు వస్తే చొక్కా విప్పమంటాడు. వీపు చూస్తాడు. వీపు మీద ఉన్నవి కాగితం మీదికెక్కుతాయి. "దెబ్బలు బయటపడతాయని డాక్టర్ని పిలవలేదు. ఎవర్ని పిలిచారు?"

"నర్సమ్మని" అన్నాడు హనుమంతరావు. "లీలావతిని."

వీరరాఘవమ్మ లేచి నిలబడింది. ఎవరూ ఆమెకి ఏమీ చెప్పలేదు. అయినా బీరువా తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"మాత్రలిచ్చిందా?" డాక్టరు అడిగాడు.

"ఇచ్చింది. శుక్రవారం పొద్దున్నించి. నా ఎదురుగా తను మూడు మింగి చూపించింది. విషమైతే మింగుద్దా? నిన్న గూడా మింగింది. నిక్షేపంలా ఉంది." హనుమంతరావు ఇప్పుడు వేగంగా మాట్లాడుతున్నాడు. "నేనేం తెలివితక్కువవాణ్ణి కాదండీ. కస్టడీలో ఖైదీ చస్తే నా ఉద్యోగం పోద్ది. అందుకే కానిస్టేబుళ్ళని నమ్మలా. పొట్లం నా దగ్గరే పెట్టుకున్నా. రెండు పూటలా నేనే..."

అతని చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ప్రభాకరరావు ఆ చెయ్యి తప్పించి జేబులోంచి పొట్లం తీశాడు. విప్పాడు. ఇటుక రంగు మాత్రలు ఆరు మిగిలున్నాయి.

ఇవ్వాళ మంగళవారం. టైము తొమ్మిదీ పది.

"జీపు" అన్నాడు ప్రభాకరరావు.

హెడ్ కానిస్టేబుల్ అబ్దుల్ మజీద్ జీపుని బండరాళ్ళ రోడ్డు మీద ఎగరేసుకుంటూ తోలాడు. దారిలో ఎదురైన సున్నపు లారీలేవీ పక్కకి తప్పుకోలేదు. మజీదే రెండుసార్లు పొలంలోకి దించి ఎక్కించాడు. ముందు సీట్లో ప్రభాకరరావు గడియారం చూసుకున్నాడు. వెనక సీట్లో డాక్టరు ఒక్కొక్కటే అడుగుతున్నాడు, హనుమంతరావు చెబుతున్నాడు.

"వీపు నొప్పి అన్నాడా?"

"అన్నాడు. దెబ్బల నొప్పనుకున్నాం."

"ఆయాసం?"

"నటిస్తున్నాడనుకున్నాం."

"కళ్ళు?"

"చూళ్ళేదు."

"మూత్రం?"

"లాకప్పులో కుండ ఉంటది. పాకీవాడు తీసుకెళ్తాడు. నేనెందుకు చూస్తాను?"

"మాత్రలు వద్దన్నాడా ఎప్పుడైనా?"

జీపు ఇంకో గోతిలో పడి లేచింది.

"ఆదివారం వద్దన్నాడు. ఇవి మింగితే కడుపులో తిప్పుతోంది, వద్దు సార్ అని ఏడ్చాడు. నేను..." హనుమంతరావు ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకున్నాడు. "దవడలు నొక్కి వేశా. వాడి మేలుకేగదా అనుకున్నా."

పది కాకుండానే గురజాల స్టేషను చేరారు.

వరండా బల్లమీద ఒక స్త్రీ కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఉతికి గంజిపెట్టిన తెల్లచీర, కాళ్ళ దగ్గర నల్ల తోలుసంచి. జీపు ఆగడం చూసి, గౌరవంగా లేచి నిలబడింది. నర్సు లీలావతి.

డాక్టర్ ఆరోగ్యస్వామి ఆమెని చూడకుండా దాటుకుని లాకప్పులోకి పరుగెత్తాడు. మజీద్ తాళం తీసిన చప్పుడు వినిపించింది. హనుమంతరావు మాత్రం వరండా మెట్టు దగ్గరే ఆగిపోయాడు. ప్రభాకరరావు ఆమె ఎదురుగా నిలబడి చీటీ విప్పి చూపించాడు.

"ఇది చదివావా?"

"చదివాను సార్." గొంతులో వణుకు లేదు. "మూడేళ్ళ కిందట ఆ డాక్టరమ్మ ఇది రాసేటప్పుడు నేను పక్కనే ఉన్నా. సిరా బుడ్డి నేనే అందించా."

"తెలిసే ఇచ్చావన్నమాట."

"జ్వరానికి మాత్రలిచ్చా. సర్కారు మాత్రలే."

"చిన్నవాడి మీద ఏ చీటీ లేదు గదా. వాడికి కూడా పనిచేస్తుందని ఎట్లా తెలుసు?"

"తెలియదు సార్. తల్లి ఒకటే గదా అని ఇచ్చి చూశా. శనివారం పాకీవాడు కుండ పట్టుకెళ్తుంటే మూత తీసి చూపించమన్నా. అప్పుడు తెలిసింది."

మెట్టు దగ్గర్నించి హనుమంతరావు ఒక అడుగు పైకి వేశాడు. "ఎందుకే? వాళ్ళు నీకేం చేశారే?"

ఆమె మొదటిసారి అతని వైపు తిరిగింది.

"సుందరరావు గుర్తున్నాడా సార్? గోపాలకృష్ణయ్య బట్టీలో మేస్త్రి. నా మొగుడు."

హనుమంతరావు మొహం చూస్తే గుర్తున్నట్టే ఉంది.

"ఆరని బట్టీలో కూలోళ్ళని దిగమన్నారు. ఎవర్నీ దిగనియ్యనన్నాడు. అయితే నువ్వు దిగరా అని అన్నదమ్ములిద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని తోశారు. నడుం దాకా కాలిన సున్నంలో దిగబడ్డాడు. నీళ్ళు పోసి బయటికి లాగారు. సున్నం మీద నీళ్ళు పోస్తే ఏమవుద్దో వాళ్ళకి తెలియదా? పదకొండు రోజులు బతికాడు సార్. చెమట పట్టినప్పుడల్లా ఉడికేది. నేను విసురుతా కూర్చున్నా, చెమట పట్టకుండా." ఆమె సంచి పట్టీ సరిచేసుకుంది. "మీరు వచ్చారు. మంచం దాకా రాలా. గుమ్మంలో నిలబడి, తాగి పడ్డాడు అని రాసుకుపోయారు. ఆయన జన్మలో తాగలా."

"అర్జీ పెట్టుకోవాల్సింది" అన్నాడు ప్రభాకరరావు. అన్న తర్వాత ఆ మాట ఎంత చచ్చుగా ఉందో అతనికే తెలిసింది.

"పెట్టా సార్. గుంటూరుకి. జవాబొచ్చింది. మీ అర్జీ తగు చర్యకై గురజాల సర్కిల్ ఇన్‌స్పెక్టరు వారికి పంపడమైనది, అని." ఆమె సూటిగా అతని కళ్ళలోకి చూసింది. "కింద సంతకం మీదే. ప్రభాకరరావు అని తెలుగులో పెట్టారు. ఇందాక మిమ్మల్ని చూడగానే ఈయనే అయ్యుంటారనుకున్నా."

రోజుకి ముప్పై నలభై కాగితాల మీద అలాంటి సంతకాలు పెట్టిన రోజులు అతనికి గుర్తున్నాయి. ఈ కాగితం గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తులేదు. 

"నిన్ను అరెస్టు చేస్తున్నాను లీలావతీ."

"చేయండి సార్. అందుకే పొద్దున ఏడింటినించి ఇక్కడ కూర్చున్నా. పెద్దాయనకి ఎనిమిది రోజులు నా చేత్తో వేశా, ఒప్పుకుంటా. ఉరేయండి." ఆమె చెయ్యెత్తి హనుమంతరావుని చూపించింది. "లోపలున్న చిన్నాయనకి మాత్రం నేను ఒక్కటీ వేయలా. లాకప్పులోకి అడుగు పెట్టలా. పొట్లం ఇచ్చి ఊరుకున్నా. నాలుగు రోజులు దవడలు నొక్కి మింగించింది ఎవరో అది గూడా రాసుకోండి. ఈసారి గుమ్మంలో నిలబడి కాకుండా మంచం దాకా పోయి రాసుకోమనండి."

లోపల్నుంచి ఆరోగ్యస్వామి బయటికి వచ్చాడు. చేతిలో మట్టి మూకుడు. అడుగున వేలెడు లోతు కూడా లేని ద్రవం, నల్లగా, చిక్కగా.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఇంతే" అన్నాడు. "కళ్ళు పసుపు ముద్దలు. నెత్తురు ఎక్కించాలి, గుంటూరు తీసుకుపోవాలి. జీపులో పడుకోబెడితే దారిలో ఏమవుతుందో చెప్పలేను. ఇక్కడే ఉంచితే చెప్పగలను." చివరి మాట అంటున్నప్పుడు డాక్టరు తల తిప్పుకున్నాడు.

"మజీద్, మంచం పట్టుకురా! జీపు వెనక సీటు ఊడదియ్యి!" ప్రభాకరరావు కేక పెట్టి లోపలికి నడిచాడు. హనుమంతరావు అతని వెనకే వచ్చాడు. బెత్తం ఎక్కడ పడేశాడో తెలియదు.

లాకప్పు మూల చాపమీద కేశవరావు గోడకి చేరగిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు. పెదవులు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. బూట్ల చప్పుడు విని కళ్ళు తెరిచాడు. ఎవరెవరో నిలబడి ఉన్నా అతని చూపు హనుమంతరావు మీదే ఆగింది. లేవబోయాడు, చేతకాలేదు. చెయ్యి మాత్రం చాపాడు.

"సారూ... ఇయ్యాల పొద్దుటి మాత్రలు ఇయ్యకుండా పోయారే" అన్నాడు, ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ. "ఆదివారం వద్దన్నానని కోపం పెట్టుకోమాకండి. ఇకన్నించి పేచీ పెట్టను. ఇయ్యండి, మింగుతా. నాకు బతకాలనుంది సారూ."